బడి కంప్యూటరుకు ఒక కిటికీ: తల్లిదండ్రుల ప్రశ్నకు జవాబు చెప్పే వెబ్ సేవ

ఆనేకల్ తాలూకా సరిహద్దు గ్రామాలలో బడి వదలిన తరువాత ఉపాధ్యాయుని దారిలో ఆపి అడిగే ప్రశ్న తరచుగా ఒక్కటే. "సార్, మా పాప బాగా చదువుతా ఉందా?" అడిగేవారిలో జిగణి, బొమ్మసంద్ర ఫ్యాక్టరీలకు షిఫ్టు పనికి పోయేవారు ఉంటారు. అత్తిబెలె దాటి హోసూరుకు కూలికి పోయేవారు ఉంటారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సరిహద్దు దాటితే తమిళం, కంప్యూటరులో ఇంగ్లీషు. తల్లిదండ్రుల సమావేశం పెట్టిన రోజున వీరికి సెలవు దొరకదు. దొరికినా బడి ఇచ్చే కాగితం ఇంటి భాషలో ఉండదు.

ఈ ప్రశ్నకు జవాబులో కొంత భాగం నేడు అనేక పాఠశాలల కంప్యూటర్లలో ఇప్పటికే ఉన్నది. ఏ విద్యార్థి ఏ పాఠము తెరిచినది, ఏ అభ్యాసము పూర్తి చేసినది అందులో నమోదవుతూనే ఉంటుంది. ఆ నమోదు ఇంటికి చేరే దారి మాత్రం లేదు. ఆ దారిని ఎట్లా నిర్మించవచ్చునో, నిర్మించేటప్పుడు ఏ జాగ్రత్తలు అవసరమో, మా చిన్న ప్రయత్నంలో మేము ఎక్కడ పొరపాటు పడ్డామో ఈ వ్యాసంలో వివరిస్తాను. సాంకేతిక విషయమే అయినా, ఇందులో ముఖ్యమైన నిర్ణయాలు సాంకేతిక నిపుణులవి కావు. మనవి.

ఎల్.ఎం.ఎస్. అనగా నేమి?

పాఠాలను, అభ్యాసాలను, మార్కులను ఒక్కచోట ఉంచి, విద్యార్థికీ ఉపాధ్యాయునికీ వేరు వేరు ప్రవేశాలు కల్పించే సాఫ్ట్‌వేరును లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, క్లుప్తంగా ఎల్.ఎం.ఎస్., అంటారు. తెలుగులో దీనిని అభ్యసన నిర్వహణ వ్యవస్థ అనవచ్చును. వీటిలో పేరుపొందినది మూడుల్. దానిని రూపొందించిన మార్టిన్ డూగియామస్ ఆస్ట్రేలియా దేశస్థుడు. ఆయన బాల్యం పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతంలో గడచింది. దగ్గరలో బడి లేదు. పాఠాలు రేడియో ద్వారా వచ్చేవి. దూరప్రాంతాల పిల్లల కొరకు ఆ దేశంలో 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆరంభమైన ఆకాశ పాఠశాల పద్ధతి అది. బడికి దూరంగా పెరిగిన పిల్లవాడే పెద్దవాడై దూరం నుండి చదువుకొనే సాధనమును తయారుచేశాడన్న మాట.

మూడుల్ మొదటి ప్రతి 2002 ఆగస్టు 20న విడుదలయింది. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. ఎవరైనా ఖర్చు లేకుండా తెచ్చుకొని, తమ అవసరమునకు తగినట్లు మార్చుకోవచ్చును. పాత కంప్యూటరులో లినక్స్ వేసి, బడి గదులలోని తీగలకే పరిమితం చేసి కూడా దీనిని నడపవచ్చును. బయటి సాఫ్ట్‌వేర్లతో మాటాడేందుకు క్రమబద్ధమైన వెబ్ సేవల ఏర్పాటు 2010 నవంబరులో వచ్చిన 2.0 ప్రతితో దీనికి సమకూరింది. మనకు కావలసిన కిటికీ అదే.

పహణీ కిటికీ వంటిది

ఎ.పి.ఐ. అన్న మాట వినగానే భయపడనవసరం లేదు. మన రైతులకు దీని పద్ధతి బాగా తెలిసినదే. కర్ణాటకలో 'భూమి' పథకం క్రింద భూమి రికార్డులు కంప్యూటరులోకి ఎక్కిన తరువాత, పహణీ కావలసినవారు కిటికీ వద్దకు పోయి సర్వే నంబరు చెప్పి, రుసుము కట్టి, కాగితం తీసుకొంటున్నారు. రికార్డు గదిలోకి ఎవరూ పోరు. గది తాళపుచెవి ఎవరూ అడగరు. ఏ వివరములు చెప్పవలెనో ముందే నిర్ణయమై ఉంటుంది. ఏ కాగితం వస్తుందో అదీ నిర్ణయమై ఉంటుంది.

ఒక సాఫ్ట్‌వేరు మరొక సాఫ్ట్‌వేరును ఇట్లా నిర్ణీతమైన పద్ధతిలో అడిగి, నిర్ణీతమైన జవాబు పొందే ఏర్పాటే ఎ.పి.ఐ. ఆ అడగడం, చెప్పడం ఇంటర్నెట్టు మార్గంలో జరిగితే దానిని వెబ్ సేవ అంటారు. మా విషయంలో అడిగేది ఫోనుకు సందేశాలు పంపే ఒక చిన్న ప్రోగ్రాము. జవాబు చెప్పేది బడి మూడుల్. ప్రశ్న ఒక్కటే: ఈ నంబరు గల విద్యార్థి ఈ వారం ఎన్ని పాఠాలు తెరిచినది?

ఉన్న కిటికీలు చాలవా?

మూడుల్‌తో పాటే వందలకొద్దీ వెబ్ సేవలు సిద్ధంగా వస్తాయి. తరగతిలో ఉన్న విద్యార్థుల జాబితా ఇచ్చేది ఒకటి, మార్కులు ఇచ్చేది ఒకటి, పూర్తి చేసిన పాఠాల స్థితి ఇచ్చేది ఒకటి. వీటితోనే పని గడుపుకోవచ్చును గదా అని మేమూ మొదట అనుకొన్నాము.

చిక్కు ఏమనగా, ఇవి అందరి అవసరాల కొరకు చేసినవి. కాబట్టి ఎక్కువ ఇస్తాయి. జాబితా ఇచ్చే సేవను తగినంత అధికారం గల ఖాతాతో అడిగితే పేరుతో పాటు ఈమెయిలు, ఫోను నంబరు, ఊరు, ఫోటో చిరునామా, చివరిసారి ప్రవేశించిన సమయం మొదలైనవి కూడా రావచ్చును. మాకు కావలసినది పేరు, రెండు అంకెలు మాత్రమే. ఒక ఎకరం పహణీ అడిగినవారికి ఊరి రికార్డంతా చేతిలో పెట్టినట్లు అవుతుంది. పోగొట్టుకోవడానికి అక్కడే అవకాశం ఏర్పడుతుంది. మన చేతికి రాని వివరమును మనము పోగొట్టలేము. సొంత సేవను నిర్మించుకోవడానికి మొదటి కారణం ఇదే. సౌకర్యం రెండవ కారణం.

నిర్మాణ క్రమం

మా బడిలో చదివి ఇప్పుడు సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న ఒక పూర్వ విద్యార్థి ఆదివారాలు వచ్చి ఈ పనిలో నాకు తోడ్పడినాడు. క్రమము ఈ విధంగా ఉంటుంది.

మొదటిది, మూడుల్ మూల ప్రోగ్రాములను తాకకుండా 'లోకల్' అన్న సంచిలో మన సొంత భాగమును వేరుగా ఉంచవలెను. మూల ప్రోగ్రాములను దిద్దితే, తరువాత కొత్త ప్రతి వేసినప్పుడు మన దిద్దుబాటు తుడిచిపెట్టుకుపోతుంది.

రెండవది, మన సేవ పేరును ఒక ప్రకటన పత్రంలో నమోదు చేయవలెను. అది చదివే సేవయా, రాసే సేవయా అన్నది అందులోనే చెప్పవలెను. మాది చదివేది మాత్రమే. మార్కులను మార్చే అవకాశం ఆ కిటికీకి లేదు. ఈ పత్రం మార్చిన ప్రతిసారీ మన భాగపు ప్రతి సంఖ్యను పెంచవలెను. పెంచకపోతే మూడుల్ కొత్త సేవను గుర్తించదు. ఈ చిన్న విషయం తెలియక మేము ఒక ఆదివారమంతా పోగొట్టుకొన్నాము.

మూడవది, సేవ యొక్క అసలు శరీరం. దీనికి మూడు అంగములు ఉంటాయి. ప్రశ్నలో ఏయే వివరాలు రావలెనో చెప్పేది ఒకటి. పని చేసేది ఒకటి. జవాబులో ఏయే వివరాలు పోవలెనో చెప్పేది మరొకటి. ప్రశ్నలో మేము రెండే ఉంచాము: విద్యార్థి సంఖ్య, వారం మొదలయ్యే తేదీ. జవాబులో మూడు: పేరు, ఆ వారం ఇచ్చిన పాఠాల సంఖ్య, తెరిచిన పాఠాల సంఖ్య. జవాబు పట్టికలో లేని వివరం, పని చేసే భాగం పొరపాటున పంపినా, బయటికి పోదు. మూడుల్ దానిని వడగట్టివేస్తుంది.

నాల్గవది, పని చేసే అంగం లోపల మూడు తనిఖీలు విడువరాదు. వచ్చిన వివరాలు సరైన రూపంలో ఉన్నవా? అడిగినది ఏ తరగతి లేక ఏ విద్యార్థి పరిధిలోనిది? అడిగిన ఖాతాకు ఆ పరిధిలో చూసే అధికారం ఉన్నదా? ఈ మూడవ తనిఖీ మరచిన సేవ, కిటికీ కాదు, గోడకు పడిన కన్నం.

ఐదవది, పరిపాలన పుటలో వెబ్ సేవలను తెరవవలెను. రెస్ట్ అన్న సంభాషణ పద్ధతిని అనుమతించవలెను. ఈ పనికే ఒక ప్రత్యేక ఖాతాను సృష్టించి, దానికి ఈ ఒక్క సేవను మాత్రమే అప్పగించవలెను. ప్రధాన నిర్వాహకుని ఖాతాను దీనికి వాడరాదు. ఆ ప్రత్యేక ఖాతా పేరున టోకెన్ అన్న పొడవైన రహస్య అక్షరమాల ఒకటి తయారవుతుంది. అదే తాళపుచెవి. దీనికి గడువు తేదీ పెట్టవచ్చును. ఫలానా కంప్యూటరు నుండి వస్తేనే చెల్లునని కూడా కట్టడి చేయవచ్చును. రెండూ చేయవలెను.

ఇంతటితో కిటికీ సిద్ధం. అడిగే ప్రోగ్రాము టోకెనును, సేవ పేరును, విద్యార్థి సంఖ్యను పంపితే జవాబు వస్తుంది. వేరుగా చెప్పకపోతే ఎక్స్.ఎం.ఎల్. రూపంలో, కోరితే జేసన్ రూపంలో. ఇక్కడ ఒక హెచ్చరిక. లోపల తప్పు జరిగినా మూడుల్ సాధారణంగా 200 అన్న విజయ సంకేతంతోనే జవాబు పంపుతుంది. తప్పు యొక్క వివరం జవాబు లోపల ఉంటుంది. సంకేతం మాత్రమే చూసి అంతా సక్రమమని భావించే ప్రోగ్రాము, ఖాళీ అంకెలను తల్లిదండ్రులకు పంపగలదు.

పేరు, గడియారం, అక్షరాలు

పుస్తకాలలో స్పష్టంగా కనిపించని మూడు చిక్కులు మాకు ఎదురైనవి. మూడూ మన ప్రాంతపు జీవితంతో ముడిపడినవే.

మొదటిది పేరు. జవాబు పట్టికలో ప్రతి వివరమునకు ఒక రకం చెప్పవలెను. పేరు అక్షరాలే గదా అని నేను 'ఆల్ఫా' రకం అని రాయించాను. ఒకే పదంగా ఇంగ్లీషులో రాసిన పేర్లకు జవాబు వచ్చింది. తెలుగులో, కన్నడంలో రాసిన పేర్లన్నిటికీ 'చెల్లని జవాబు' అన్న తప్పు వచ్చింది. కారణం సులభం. ఆ రకమునకు ఇంగ్లీషు అక్షరమాల 26 అక్షరాలు తప్ప మరేవీ అక్షరాలు కావు. పెద్దవీ చిన్నవీ కలిపి 52 ఆకారాలు, అంతే. రకమును 'టెక్స్ట్' అని మార్చగానే అన్ని పేర్లూ వచ్చినవి. ఒక్క పదం మార్పు. ఆ మార్పు చేయకపోతే పిల్లల పేర్లను ఇంగ్లీషులోకి మార్చి సర్దుకొని ఉండేవారము. సరిహద్దు గ్రామాలలో పేర్లు ఇట్లాగే కదా మారిపోతూ వచ్చినవి! ఒక రికార్డులో ఒక తీరు, మరొక రికార్డులో మరొక తీరు. తరువాత ధ్రువపత్రముల కొరకు కచేరీల చుట్టూ తిరగడం మనకు తెలిసినదే.

రెండవది గడియారం. మూడుల్ ప్రతి సంఘటన సమయమును 1970 జనవరి 1 నుండి గడచిన సెకన్లుగా దాచుకొంటుంది. ఆ లెక్క ప్రపంచ ప్రామాణిక సమయమును బట్టి. మన గడియారం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. మా పిల్లలలో చాలామంది తెల్లవారుజామున 5 గంటలకు పాఠం తెరుస్తారు. ఆరు గంటలకు తండ్రి షిఫ్టుకు బయలుదేరితే ఇంటిలోని ఒక్క ఫోనూ ఆయనతో పోతుంది గనుక. సోమవారం తెల్లవారుజామున 5 గంటలు, ప్రామాణిక సమయంలో ఆదివారం రాత్రి పదకొండున్నర. లెక్క సరిచేయకపోతే సోమవారపు చదువు గడచిన వారపు ఖాతాలో పడుతుంది. తండ్రి వెళ్ళకముందే లేచి చదివిన పిల్లకే ఒక పాఠం తక్కువ కనిపిస్తుంది.

మూడవది సందేశపు పొడవు. ఇంగ్లీషులో ఒక ఎస్.ఎం.ఎస్.కు 160 అక్షరాలు పడతాయి. తెలుగులో 70 మాత్రమే. పైగా గుణింతపు గుర్తు, పొల్లు వేరువేరుగా లెక్కకు వస్తాయి. కంటికి రెండక్షరాలుగా కనిపించే 'లక్ష్మి' అన్న పేరు కంప్యూటరు లెక్కలో ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. "లక్ష్మి ఈ వారం 5 పాఠాలలో 2 తెరిచింది." అన్న వాక్యమునకు 37 స్థానాలు పడతాయి. 70 దాటితే సందేశం రెండుగా లెక్కకట్టబడి ఖర్చు పెరుగుతుంది. అదీగాక, ట్రాయ్ 2018లో చేసిన నియమావళిని అనుసరించి, సంస్థలు పంపే సందేశాల శీర్షికను, వాక్యపు నమూనాను టెలిఫోను కంపెనీల వద్ద ముందుగా నమోదు చేయవలసి ఉన్నది. కాబట్టి వాక్యమును చివరి నిమిషంలో మార్చుట కుదరదు. ముందే బాగా ఆలోచించి రాయవలెను.

తాళపుచెవి దొరికిన విద్యార్థి

పరీక్షగా నడుపుతున్న రోజులలో నేను ఒక తప్పు చేశాను. సేవ పనిచేస్తున్నదని ఉపాధ్యాయ మిత్రులకు చూపించవలెనన్న ఉత్సాహంతో, టోకెనును లోపల రాసిన ఒక చిన్న పుటను బడి వెబ్ పుటలలో ఉంచాను. రెండు రోజుల తరువాత తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒకడు విరామ సమయంలో వచ్చాడు. "సార్, ఆ పేజీ లోపల ఏం రాసినారో ఫోన్లో కనిపిస్తా ఉంది. నేను నంబరు మార్చి చూస్తే వేరేవాళ్ళది కూడా వచ్చింది" అన్నాడు.

అతనిని మందలించలేదు. మెచ్చుకొన్నాను. పుటలో రాసినదేదైనా దానిని తెరిచినవారి ఫోనుకు చేరుతుంది. దాచినట్లు కనిపించినా దాగదు. ఆ సాయంత్రమే పాత టోకెనును రద్దు చేశాము. కొత్తదానిని సందేశాలు పంపే కంప్యూటరులో మాత్రమే ఉంచి, ఆ కంప్యూటరు నుండి తప్ప చెల్లకుండా కట్టడి చేశాము. చిరునామాలో అతికించి పంపితే టోకెను సర్వరు దినచర్య పుస్తకంలో నమోదై మిగిలిపోతుంది కాబట్టి, దానిని లోపలి భాగంలో పెట్టి పంపే పద్ధతికి మారాము. దారిలో ఎవరూ చదవకుండా గుప్తీకరించిన మార్గం, అనగా చిరునామా మొదట హెచ్.టి.టి.పి.ఎస్. ఉండేది, తప్పనిసరి చేసుకొన్నాము.

అయినను ఆలోచిస్తే నష్టం తక్కువగా జరగడానికి కారణం మరొకటి ఉన్నది. ఆ కిటికీ నుండి బయటికి పోగలిగినవి పేరు, రెండు అంకెలు మాత్రమే. ఫోను నంబర్లు, చిరునామాలు ఆ దారిలో లేనేలేవు. సిద్ధంగా వచ్చే పెద్ద సేవనే వాడి ఉంటే ఆ విద్యార్థి చూసినది ఎంత ఉండేదో తలచుకొంటే నాకు ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది.

'చదవలేదు' అన్న ఒక్క మాట

అసలైన పాఠం మాకు సాంకేతిక విషయంలో కాదు, భాషలో వచ్చింది. మొదటి శనివారం పోయిన సందేశాలలో ఈ వాక్యం ఉన్నది: "మీ పాప ఈ వారం 5 పాఠాలలో 4 చదవలేదు." సోమవారం ఒక బాలిక కళ్ళు వాచి బడికి వచ్చింది. సందేశం చూసి తండ్రి బాగా కోప్పడినాడట. ఇంటి పనులు తప్పించి ఇచ్చిన సమయమంతా ఏమి చేసినావని నిలదీశాడట.

విచారిస్తే తెలిసిన విషయం ఇది. వారి ఇంట్లో ఫోను రీచార్జి అయిపోయి ఎనిమిది రోజులైంది. ఆ పిల్ల ప్రతి సాయంత్రం పక్కింటి స్నేహితురాలి వద్దకు పోయి, ఆమె ఫోనులో, ఆమె ఖాతాలోనే పాఠాలు చదువుకొన్నది. నోటుపుస్తకంలో అయిదు పాఠాల అభ్యాసాలూ రాసి ఉన్నవి. కంప్యూటరు అబద్ధం చెప్పలేదు. ఆమె ఖాతాలో నాలుగు పాఠాలు తెరవలేదన్నది నిజం. అబద్ధం చెప్పినది నేను రాసిన వాక్యం. 'తెరవలేదు' అన్న నమోదును 'చదవలేదు' అన్న తీర్పుగా మార్చినది నేను.

ఆ సాయంత్రం నేను వారి ఇంటికి పోయి తండ్రితో మాటాడినాను. "తప్పు నాదన్నా, పాపది కాదు" అని నోటుపుస్తకం చూపించాను. ఆయన చాలాసేపు దానిని తిరగవేసి, "నాకు చదవను రాదు సార్. మెసేజు పక్కింటబ్బాయి చదివి చెప్పినాడు. బడి చెప్తే నిజమనుకున్నా" అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ విడువలేదు. కంప్యూటరు నుండి వచ్చిన మాటకు, అందునా బడి పేరుతో వచ్చిన మాటకు, మన గ్రామాలలో ఎంత బరువు ఉంటుందో మనము మరువరాదు. ఆ వారమే వాక్యమును మార్చాము. ఇప్పటి నమూనా: "మీ పాప ఖాతాలో ఈ వారం 5 పాఠాలలో 1 తెరిచి ఉంది. ఫోను ఇబ్బంది ఉంటే చెప్పండి." లెక్క 70 దాటింది, రెండు సందేశాల ఖర్చు అవుతున్నది. అయినా రెండవ వాక్యమును తీయలేదు. దాని వలననే కొందరు తల్లిదండ్రులు వచ్చి రీచార్జి లేదనీ, ఫోను అన్న దగ్గర ఉంటుందనీ చెప్పినారు. ఫోను అందని పిల్లలకు బడి కంప్యూటరు గదిలో సాయంత్రం ఒక గంట కేటాయించగలిగాము. అంకె తెలియజేసినది కొంత. మిగిలినది మనిషి వచ్చి చెప్పవలసినదే.

పెద్ద వ్యవస్థలలోనూ ఇదే సూత్రం

మాది ఒక్క బడి ప్రయత్నం. దేశవ్యాప్తంగా మన పిల్లలు వాడే 'దీక్ష' కూడా ఇటువంటి కిటికీల మీదనే నిలిచి ఉన్నది. దానిని 2017 సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవ సందర్భంగా నాటి ఉపరాష్ట్రపతి, తెలుగువారైన ఎం. వెంకయ్యనాయుడు ప్రారంభించారు. దానికి పునాది అయిన 'సన్‌బర్డ్' సాఫ్ట్‌వేరు బెంగళూరులోని ఏక్‌స్టెప్ ఫౌండేషన్ నుండి వచ్చినది. అదీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. పాఠ్యపుస్తకంలోని నలుపు తెలుపు గళ్ళ క్యూ.ఆర్. గుర్తును ఫోనుతో చూపినప్పుడు, లేదా దాని క్రింద ఉన్న ఆరు అక్షరాల సంకేతమును టైపు చేసినప్పుడు, ఆ సంకేతం ఒక ప్రశ్నగా సర్వరుకు పోతుంది. ఆ పాఠమునకు సంబంధించిన వీడియోలు, అభ్యాసాల జాబితా జవాబుగా వస్తుంది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు పుస్తకాలు మూడింటికీ ఒకే యాప్ పనిచేయడం ఈ పద్ధతి వలననే సాధ్యమయింది. కన్నడ మాధ్యమంలో చదివే పిల్ల అర్థం కాని గణిత పాఠమును అదే యాప్‌లో తెలుగులో వెదికి చూడవచ్చునన్నది మన ఇళ్ళలో ఇంకా చాలామందికి తెలియదు.

అదే దీక్షకు సంబంధించి 2023 జనవరిలో 'వైర్డ్' పత్రిక ఒక లోపమును వెల్లడించింది. పది లక్షలకు పైగా ఉపాధ్యాయుల పేర్లు, ఫోను నంబర్లు, ఈమెయిళ్ళు, వాటితోపాటు లక్షలాది విద్యార్థుల కొన్ని వివరాలు తాళం లేని నిల్వలో ఉండిపోయినవని అందులో రాశారు. కిటికీ ఎంత చక్కగా కట్టినా రికార్డు గది వెనుక తలుపు తెరిచి ఉంటే ప్రయోజనం లేదని దీని వలన తెలుస్తున్నది.

పార్లమెంటు 2023లో ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 సంవత్సరాలు నిండని వారందరినీ బాలలుగా పరిగణించింది. వారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల అనుమతి పొందవలెనన్నది ఆ చట్టంలోని 9వ సెక్షను చెప్పే సూత్రం. చట్టము క్రింద నియమాలు 2025 నవంబరులో వెలువడినవి. చదువుకు, భద్రతకు అవసరమైన మేరకు విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులు ఉన్నా, అనుమతి అడిగి మొదలుపెట్టడమే మర్యాద. మేము తెలుగు, కన్నడ, తమిళ భాషలలో ఒక్క పుట అనుమతి పత్రం రాసి, చదవలేనివారికి చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకొన్నాము. వద్దన్న ఇంటికి సందేశం పంపము. అందువలన ఆ ఇంటి పిల్లలకు బడిలో ఏ లోటూ ఉండదు.

తల్లిదండ్రులు అడగవలసినవి

రేపు మీ పిల్లల బడిలోనూ ఇటువంటి ఏర్పాటు రావచ్చును. ఆనేకల్ బడి నుండి పిల్లవానిని హోసూరు బడికి మార్చే కుటుంబాలు ఉన్నవి. కర్ణాటక నమోదు వేరు, తమిళనాడు నమోదు వేరు. ఒక వ్యవస్థ మరొకదానితో మాటాడవలసిన అవసరం ముందు ముందు పెరిగేదే గాని తగ్గేది కాదు. అప్పుడు మీరు ఈ అయిదు ప్రశ్నలు సంకోచం లేకుండా అడగండి. వీటికి ఇంగ్లీషు గాని కంప్యూటరు జ్ఞానం గాని అక్కరలేదు.

1. మా పిల్లల వివరాలలో ఏవేవి బయటికి పోతాయి? పట్టిక చూపించగలరా?

2. ఆ వివరాలు ఎవరికి పోతాయి? బడి వరకేనా, మధ్యలో ఏదైనా కంపెనీ ఉన్నదా?

3. ఆ ఏర్పాటు చూడడానికి మాత్రమేనా, మార్చడానికి కూడా వీలున్నదా?

4. మా పిల్లల పేరు మేము రాసినట్లే, మా భాషలోనే ఉంటుందా?

5. వచ్చిన అంకె తప్పని మాకు తోస్తే ఎవరిని కలవవలెను?

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. ఈ పని మొదలుపెట్టేటప్పుడు ప్రోగ్రాము ఎట్లా రాయవలెనన్న దానితో ఆరంభించకండి. ఇంటికి పోయే వాక్యమును ముందు ఒక కాగితం మీద, తల్లిదండ్రుల భాషలో, రాసుకోండి. దానిని ఒక తల్లికి చదివి వినిపించి, ఆమెకు ఏమి అర్థమయిందో అడగండి. ఆ వాక్యమునకు ఎన్ని వివరాలు కావలెనో అన్ని మాత్రమే కిటికీ గుండా రానివ్వండి. మేము ఈ పనిని తలక్రిందులుగా చేసి, ఒక పిల్ల కన్నీళ్ళ తరువాత సరిదిద్దుకొన్నాము.

ఆ బాలిక ఇప్పుడు పదవ తరగతిలో ఉన్నది. శనివారం వచ్చే సందేశమును ఇంట్లో తండ్రికి తానే చదివి వినిపిస్తున్నది. తక్కువ అంకె వచ్చిన వారం కారణం కూడా తానే చెబుతున్నదట. ఆయన వింటున్నాడు.